మనవాళ్ళ బాడుగిళ్ళ కథ: మదురై కోట నుంచి కోయంబత్తూరు లైను ఇళ్ళ దాకా

మన కుటుంబాల చరిత్ర రాసేటప్పుడు సొంతిళ్ళ గురించే రాసుకుంటాం. ఫలానా ఏడు తాత మిద్దె కట్టించినాడు, ఫలానా వీధిలో మనకు రెండు వాకిళ్ళు ఉండేవి, గుడికి మంటపం వేయించినారు, ఇవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. బాడుగకు ఉండిన ఏళ్ళు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. గట్టిగా అడిగితే "అప్పుడేదో కొన్నాళ్ళు ఉండినాం లే" అని మాట మార్చేస్తారు.

ఈ మధ్య మన ఇళ్ళ పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాలకని కోయంబత్తూరులో, మదురైలో, బెంగళూరులో ఇళ్ళు వెతుక్కుంటున్నారు. పొద్దున టు-లెట్ బోర్డు కడితే సాయంత్రానికి చూసిపోయేవాళ్ళు వరస కడుతున్నారు. నచ్చింది, రేపు చెప్తాం అంటే రేపటికి ఆ ఇల్లు ఉండదు. ఇంత అగచాట్లు పడుతున్న పిల్లలతో పెద్దవాళ్ళు "మన వంశంలో ఎవరూ బాడుగింట్లో ఉండలేదు, నీకేం ఖర్మ" అంటారు. పిల్లలు అది నిజమనుకొని చిన్నబోతారు.

అది నిజం కాదు. మనం ఈ తమిళ నేల మీద స్థిరపడినవాళ్ళం అని చెప్పుకుంటాం కదా, స్థిరపడక ముందు ఏదో ఒక చోట తల దాచుకునే ఉంటాం. ఆ చోటు ఎట్లా దొరికింది, దానికి బదులు ఏం ఇచ్చినారు అన్నదే ఈ వ్యాసం. మేము చూసినంతలో, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు తలుపు తెరుచుకోవాలంటే ఎప్పుడూ మూడు కావాల్సి వచ్చినాయి. మనకోసం పూచీ పడే ఒక మనిషి మాట, ముందుగా పెట్టే సొమ్మో శ్రమో, చేతిలో ఒక కాగితం. ఐదు వందల ఏళ్ళుగా ఈ మూడే. ఏది ఎంత బరువు అన్నది మాత్రం కాలాన్నిబట్టి మారింది.

బాడుగ అనే మాట

కోస్తావాళ్ళు అద్దె అంటారు. రాయలసీమలోనూ మన ఇళ్ళలోనూ బాడుగ. తమిళంలో వాడగై, కన్నడంలో బాడిగె. కన్నడ బళ్ళో చదివిన మాకు బాడిగె, బాడుగ ఒకటే అని తెలియడానికి నిఘంటువు అక్కర లేకపోయింది. మూడూ సంస్కృతంలోని భాటకం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. పాత తమిళంలో ఇంటి బాడుగకు కుడక్కూలి అని ఇంకో మాట ఉంది. కాపురం ఉన్నందుకు ఇచ్చే కూలి అని దాని అర్థం. మూడు భాషల్లో మూడు నోళ్ళ మీద ఈ మాట ఇంతకాలం నిలిచిందంటే, ఇంకొకరి కప్పు కింద ఉండడం ఈ నేలమీద కొత్త సంగతి కాదు, తక్కువ సంగతీ కాదు.

కోట కాపలాకు బదులు చోటు

మదురై నాయకుల ఏలుబడి విశ్వనాథ నాయకుడితో 1529లో మొదలైందని చెప్తారు. ఆయన దళవాయి అరియనాథ ముదలియారు సీమనంతా 72 పాళెయాలుగా ఏర్పాటు చేసినాడు. తెలుగు నాయకులూ వాళ్ళ వెంట వచ్చిన బలగమూ ఈ ఏర్పాటులోనే దక్షిణాన చాలాచోట్ల కుదురుకున్నారు. మదురై కోటకు 72 బురుజులు ఉండేవనీ, ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాళెగాడి పూచీ అనీ మన పక్క అందరూ చెప్పుకునే మాట. పాళెం రాబడిలో మూడింట ఒక పాలు నాయకుడికి, ఒక పాలు సైన్యం ఖర్చుకు, మిగిలిన పాలు పాళెగాడికి అనేది కూడా ఆ కాలం లెక్కగానే చెప్తారు.

ఇది ఇప్పటి అర్థంలో బాడుగ కాదు. కానీ ఇందులోని తర్కం మనకు తెలిసిందే. చోటు ఊరికే రాదు. దానికి బదులుగా ఏదో కట్టాలి, ఎవరో ఒకరు పూచీ ఉండాలి, మాట తప్పితే ఆ చోటు పోతుంది. పాళెగాడు బురుజు కాయకపోతే పాళెం నిలవదు. అతని కింద ఉండే కాపులు పంటలో పాలు ఇయ్యకపోతే వాళ్ళకు పొలం నిలవదు. కమ్మవాళ్ళు కోవిల్‌పట్టి, సాత్తూరు, కోయంబత్తూరు పక్క నల్లరేగడి నేలలు చూసుకొని కుదురుకున్నది కూడా ఇట్లా ఒకరి అండ చూసుకొనే.

రాజుల ఇల్లు కూడా శాశ్వతం కాదని మదురై చూసింది. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు ఇప్పుడు మనం చూసేదానికంటే చాలా పెద్దది. ఆయన మనుమడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చుకున్నప్పుడు ఆ మహలులో చాలా భాగం విప్పించి అక్కడికి మోయించినాడు. మిగిలిన భాగాన్ని ఇంగ్లీషువాళ్ళ కాలంలో మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ బాగు చేయించినాడు. ఆ తర్వాత చాలాకాలం అందులో జిల్లా కోర్టు నడిచింది. మన నాయకుల మహలులోనే మన ఇళ్ళ తగాదాలు, బాడుగ వ్యాజ్యాలు విచారణకు వచ్చినాయన్నమాట.

కందకం పూడ్చినవాడికి స్థలం

మదురై పాత ఊరిని మేము ఎప్పుడూ ఉల్లిపాయ మాదిరి అనుకుంటాం. నడుమ మీనాక్షి అమ్మవారి గుడి. గుడి లోపల ఆడి వీధులు, బయట చిత్తిరై వీధులు, దాని చుట్టూ ఆవణి మూల వీధులు, ఆ పైన మాసి వీధులు, అన్నిటికంటే వెలుపల వెలి వీధులు. వెలి అంటే బయట. ఈ వెలి వీధులు ఒకప్పుడు వీధులే కావు, కోట గోడ, కందకం ఉండిన జాగా.

1834 నుంచి 1847 దాకా మదురైకి కలెక్టరుగా ఉండిన బ్లాక్‌బర్న్ ఈ కోటను పడగొట్టించినాడు. కోటలోపల ఊరు ఇరుకైపోయింది, కందకంలో నీళ్ళు నిలిచి రోగాలు. పడగొట్టడానికి డబ్బు చాలదు. దానికి ఆయన ఒక ఉపాయం చేసినాడు. గోడ పడగొట్టి కందకం పూడ్చినవాళ్ళకు ఆ పూడ్చిన నేలనే ఇస్తామన్నాడు. జనం ముందుకు వచ్చినారు. కొలతలు తీసిన మారెట్ దొర పేరు ఒక వీధికి, పని చేయించిన పెరుమాళ్ మేస్త్రి పేరు ఇంకొన్ని వీధులకు నిలిచిపోయింది. బ్లాక్‌బర్న్ గుర్తుగా నిలబెట్టిన దీపస్తంభం ఇప్పటికీ ఉంది. దాన్ని అందరూ విళక్కుత్తూణ్ అంటారు, బట్టల బజారుకు పోయే ప్రతివాళ్ళూ దాని పక్కనుంచే పోతారు.

మన కథకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ మొదటిసారి మాట బరువు కాస్త తగ్గింది. నువ్వెవరి మనిషివి అని కాకుండా, ఎన్ని గజాల కందకం పూడ్చినావు అని లెక్క చూసినారు. రెండు చేతులున్నవాడికి ఊరి నడుమ చోటు దొరికే దారి ఒకటి కనబడింది. కొత్తగా లేచిన ఆ ఇళ్ళలోనే తర్వాత గదులు, వాకిళ్ళు బాడుగకు ఇచ్చుకోవడమూ పెరిగింది. మదురైలో ఇప్పటికీ కాంపౌండు ఇల్లు అనే మాట ఉంది. ఒకే తలవాకిలి, లోపల నడవ, రెండు పక్కలా ఒకటిన్నర గది కాపురాలు, అందరికీ కలిపి ఒక నీళ్ళ పంపు. అట్లాంటి కాంపౌండులో పుట్టి పెరిగినవాళ్ళు మన బంధువుల్లో తక్కువేం కాదు.

ఆ ఇల్లు దొరికేలోపల ఎక్కడ ఉండినారు? సత్రంలో. రాణి మంగమ్మ పేరిట ఉన్న సత్రం ఇప్పటికీ మదురై రైల్వే స్టేషను ఎదురుగా ఉంది. స్టేషను వచ్చింది 1875లో. రైలు దిగి, మూట సత్రంలో పెట్టుకొని, తెలిసినవాళ్ళ పేరు చెప్పుకుంటూ వీధులు తిరగడం, ఇది మూడు తరాల వాళ్ళు చేసిన పని. ఇప్పుడు పిల్లలు మొదటి నెల పీజీలోనో స్నేహితుడి గదిలోనో ఉండి ఇల్లు వెతుకుతున్నారంటే, సత్రం పేరు మారింది అంతే.

మిల్లు సైరను, లైను ఇళ్ళు

కోయంబత్తూరు కథ వేరు. అక్కడ కోట లేదు, పత్తి ఉంది. 1888లో రాబర్ట్ స్టేన్స్ పూనికతో మొదటి నూలు మిల్లు వచ్చింది. 1910లో కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్లు పెట్టినారు. 1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్తు మొదలైనాక మిల్లులు వరసగా లేచినాయి. జి.డి. నాయుడు గారు 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టి, కోయంబత్తూరు హోటల్లో పనికి నిలబడి, కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని నడుమ సర్వీసు మొదలుపెట్టిన సంగతి మన ఇళ్ళలో పిల్లలకు కథగా చెప్తాం. ఆ కథలో బస్సులు, మోటార్లు గుర్తుంటాయి. పల్లె విడిచి పట్నం వచ్చిన కుర్రవాడికి మొదట పని, అన్నం, పడుకునే చోటు ఒక్క దగ్గరే కావాల్సి వచ్చిందన్నది గుర్తుండదు.

మిల్లు పని దొరికినవాడికి ఇల్లు కావాలి. సైరను వినబడేంత దగ్గర కావాలి, షిఫ్టు తప్పితే కూలి పోతుంది. అప్పుడు లేచినవే లైను ఇళ్ళు. ఒకే గోడ, ఒకే పెంకుటికప్పు, ఎనిమిదో పదో తలుపులు వరసగా. ముందర ఒక తిన్నె, లోపల ఒక గది, వెనక పొయ్యి. మరుగు వరస చివర, అందరికీ కలిపి. పీళమేడు, సింగానల్లూరు పక్కల ఇట్లాంటి వరసలు ఇప్పుడు కూడా కొన్ని మిగిలి ఉన్నాయి. మదురైలో హార్వీ దొరల మిల్లు తన కూలీల కోసం తిరుప్పరంకుండ్రం దగ్గర ఒక ఊరే కట్టింది. దాని పేరు ఇప్పటికీ హార్వీపట్టి.

లైను ఇంట్లో కాగితం లేదు. అడ్వాన్సూ నామమాత్రమే. ఉన్నదంతా మాట. మిల్లులో ముందే పనిచేస్తున్న మేనమామో, ఊరివాడో "మా అక్క కొడుకు, మంచోడు, నాదీ పూచీ" అంటే తలుపు తెరిచేవాళ్ళు. ఒకే ఊరివాళ్ళు, ఒకే భాషవాళ్ళు ఒకే లైనులో చేరేది ఇందువల్లనే. మన తెలుగు ఐదు వందల ఏళ్ళు తమిళ నడుమ బతికిందంటే ఇట్లాంటి లైన్ల పుణ్యం చాలా ఉంది. పక్క తలుపులో అవ్వ తెలుగులో తిడుతుంటే పిల్లలకు తెలుగు ఎట్లా మరుపుకు వస్తుంది?

ఆ మాట ఎవరికి దొరకలేదు

ఇక్కడ ఆగి ఒకటి చెప్పుకోవాలి. "తెలుగువాడైతే తెలుగువాడు ఇల్లిచ్చినాడు" అని మనం గొప్పగా చెప్పుకుంటాం. అది సగం నిజమే. కోయంబత్తూరు, మదురై పక్కల అరుంధతీయులు కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మన మాదిరే తరాల కిందట వచ్చినవాళ్ళు. ఈ ఊళ్ళ వీధులు, కాలువలు శుభ్రం చేసే పని ఎక్కువగా వాళ్ళ మీదే పడింది. వాళ్ళకు మన లైన్లలో తలుపు తెరుచుకోలేదు. వాళ్ళ ఇళ్ళు ఊరి అంచున, విడి కాలనీల్లో ఉండినాయి. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల కోటాలో వాళ్ళకు 3 శాతం విడిగా ఇచ్చిందంటే, వెనకబాటు ఎంత లోతుగా ఉందో ఊహించుకోవచ్చు.

అంటే ఆ "నాదీ పూచీ" అనే మాట భాషను చూసి వచ్చింది కాదు, కులాన్ని చూసి వచ్చింది. మాట మీద నడిచే ఏర్పాటులో ఉన్న తీపి మనవాళ్ళకు, చేదు బయటవాళ్ళకు. ఇది మరిచిపోయి చరిత్ర రాస్తే అది పొగడ్త అవుతుంది, చరిత్ర కాదు.

కాగితం వచ్చింది

కాగితం బరువెక్కింది యుద్ధకాలంలో. రెండో ప్రపంచ యుద్ధంలో పట్నాలకు జనం పెరిగి ఇళ్ళు చాలక బాడుగలు ఎగిరినాయి. మద్రాసు సర్కారు 1941లో ఇంటి బాడుగల అదుపుకు ఉత్తరువు తెచ్చింది. యుద్ధం ముగిసినాక 1946లో చట్టం చేసినారు, 1949లో దాని చోట ఇంకొకటి, చివరికి 1960లో తమిళనాట అందరికీ తెలిసిన బాడుగ కంట్రోలు చట్టం. వీటి ప్రకారం ఖాళీ అయిన ఇంటి సంగతి యజమాని రాతమూలంగా అధికారికి తెలపాలి. సర్కారు పనికో ఉద్యోగులకో కావాలంటే ముందు వాళ్ళకు. న్యాయమైన బాడుగ ఎంతో అధికారి నిర్ణయించవచ్చు. బాడుగ ఎగ్గొట్టడం, ఇంకొకరికి మారు బాడుగకు ఇవ్వడం, యజమానికే ఇల్లు అవసరం కావడం, ఇట్లాంటి కారణాలు చూపిస్తే తప్ప ఖాళీ చేయించడానికి లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1960 చట్టం కింద యజమాని తీసుకోదగిన అడ్వాన్సు ఒక్క నెల బాడుగ మాత్రమే. వీధిలో మాత్రం ఐదు నెలలు, పది నెలలు నడిచింది. చట్టం ఒక పక్క, ఆచారం ఒక పక్క. బాడుగకు ఉండేవాడు చట్టం మాట్లాడితే ఇల్లు దొరకదు, మాట్లాడకపోతే సొమ్ము ఇరుక్కుపోతుంది.

చట్టం మంచికే వచ్చింది, కానీ రెండు పక్కలా భయం పెంచింది. పాత బాడుగకే తరాలు గడిచిపోయిన ఇళ్ళు ఉండినాయి. అందుకని యజమానులు ఇల్లు పూటకు పూట్టుకు పెట్టి తాళం వేసుకున్నారు, ఇచ్చినా పదకొండు నెలలకే రాసిచ్చినారు. ఈ పదకొండు ఎక్కడిది అని అడుగుతుంటారు కదా. 1908 రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకోవడం అలవాటైంది. చిన్న స్టాంపు కాగితం, రెండు సాక్షి సంతకాలు, పదకొండు నెలలు. మన తాతల ట్రంకు పెట్టెల్లో ఇవి ఇప్పటికీ దొరుకుతాయి.

ఒత్తి: మదురైవాళ్ళ పద్ధతి

బాడుగ, సొంతం కాక మూడో దారి ఒకటి ఉంది. మదురై పక్క దాన్ని ఒత్తి అంటారు, కొంగునాట భోగ్యం. కన్నడంలో భోగ్యక్కె అంటారు, బెంగళూరులో లీజు ఇల్లు అంటున్నది కూడా ఇదే. ఒకేసారి పెద్ద మొత్తం యజమాని చేతిలో పెట్టాలి. రెండో మూడో ఏళ్ళు బాడుగ లేకుండా ఉండాలి. గడువు తీరినాక ఆయన వడ్డీ లేకుండా మొత్తం తిరిగి ఇస్తాడు, మనం ఇల్లు తిరిగి ఇస్తాం. ఇంటి బాడుగకూ సొమ్ము వడ్డీకీ చెల్లు.

లెక్క వేసి చూద్దాం. ఆరు లక్షలు ఒత్తికి పెట్టినాం అనుకోండి. ఆ సొమ్ము బ్యాంకులో ఏడు శాతానికి ఉండి ఉంటే ఏడాదికి 42,000, అంటే నెలకు 3,500 వచ్చేది. అదే ఇంటికి బయట బాడుగ నెలకు 8,000 అయితే ఒత్తి మనకు లాభం. కాబట్టే మన ఆడవాళ్ళు చీటీలు కట్టి, నగలు కుదువ పెట్టి ఒత్తి సొమ్ము సర్దినారు. పదేళ్ళు ఒత్తి ఇళ్ళలో ఉండి, అదే సొమ్ముతో స్థలం కొన్న కుటుంబాలు మన వాళ్ళలో చాలా.

అయితే ఇందులో పెద్ద గుంట కూడా ఉంది. చట్టం దృష్టిలో స్వాధీనం ఇచ్చి చేసే తనఖా ఇది. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలకు పైబడిన ఇట్లాంటి తనఖా రిజిస్టరు చేస్తేనే చెల్లుతుంది. ఊరికే స్టాంపు కాగితం మీద రాసుకొని లక్షలు పోస్తే, యజమాని ఇల్లు అంతకుముందే బ్యాంకులో పెట్టి ఉంటే, మనం వరసలో చివర నిలబడాలి. అందుకని సొమ్ము ఇచ్చే ముందు సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో విల్లంగం సర్టిఫికెట్టు, అదే ఈసీ, తీసి చూడాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు కార్డు ఎవరి పేరున ఉన్నాయో చూడాలి. మాట ఎంత తీపిగా ఉన్నా ఇక్కడ కాగితమే కాపాడుతుంది.

ఇప్పటి చట్టం ఏమంటుంది

1960 చట్టం ఇప్పుడు లేదు. దాని చోట తమిళనాడు 2017లో యజమానులు, బాడుగదారుల హక్కులు, బాధ్యతల చట్టం చేసింది. అది 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులో ఉంది. ఇందులో మన పిల్లలు తప్పక తెలుసుకోవాల్సినవి ఇవి.

ఒప్పందం రాతలోనే ఉండాలి, దాన్ని బాడుగ అధికారి దగ్గర నమోదు చేయించాలి. ఈ అధికారి డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గనివాడు. పదకొండు నెలలే కదా, నమోదు ఎందుకు అనే పాత మాట ఇక్కడ పనికిరాదు. వేరే విధంగా ఒప్పుకొని ఉంటే తప్ప మూడు నెలల బాడుగకు మించి అడ్వాన్సు అడగకూడదు. "ఒప్పుకొని ఉంటే తప్ప" అన్నది గుర్తు పెట్టుకోండి, సంతకం పెట్టే ముందు ఆ వరస చదవండి. ఖాళీ చేసినాక కోతలు పోను మిగిలిన అడ్వాన్సు నెలలోపల తిరిగి ఇవ్వాలి. యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. తగాదా వచ్చిందని నీళ్ళు, కరెంటు ఆపకూడదు. బాడుగ తీసుకున్నందుకు రసీదు ఇవ్వాలి.

ఈ చట్టం యజమానికి కూడా ధైర్యం ఇస్తుంది. గడువు రాతలో ఉంటుంది, ఇల్లు తిరిగి వస్తుందన్న నమ్మకం ఉంటుంది. తాళం వేసిన ఇళ్ళు తెరుచుకోవాలంటే ఇద్దరికీ నమ్మకం కావాలి కదా.

వెతకబోయే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఇంత చరిత్ర చెప్పి పిల్లలకు పనికొచ్చేది చెప్పకపోతే ఎట్లా. ఆ మూడే పట్టుకొని చెప్తాం.

మొదటిది కాగితం. ఆధారు, ఆఫీసు గుర్తింపు కార్డు, మూడు నెలల జీతం చీటీలు, పాత ఇంటి ఒప్పందం, ఇవన్నీ ఒక కవరులో, ఫోనులో కూడా పెట్టుకొని పోండి. నచ్చిన ఇంటికి అక్కడికక్కడే సరే అనగలగాలి. ఏడాదికి లక్ష రూపాయలకు మించి బాడుగ కట్టి పన్నులో మినహాయింపు అడగాలంటే యజమాని పాన్ నంబరు కావాలి. అది ఇస్తారా లేదా ముందే అడగండి, ఏడాది చివర తగువు పడవద్దు.

రెండోది సొమ్ము. అడ్వాన్సు, మొదటి నెల బాడుగ, బ్రోకరుకు ఇచ్చేది, సామాను బండి ఖర్చు, ఇవి నాలుగూ కలిపి చేతిలో పెట్టుకొని గడప దిగండి. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడిగే అలవాటు ఇంకా పోలేదు. అక్కడికి పోయేవాళ్ళు ఆ లెక్కన సిద్ధం కావాలి. ఆడి, మార్గళి నెలల్లో తమిళవాళ్ళు ఇల్లు మారరు, మనవాళ్ళూ మారరు. ఆ నెలల్లో చూసి, మాట్లాడి, ఒప్పందం రాసుకొని, నెల మారినాక పాలు పొంగించుకుంటే బేరం ఆడే వీలు కాస్త ఎక్కువ.

ఇల్లు చూసేటప్పుడు సాఫ్ట్‌వేరు టెస్టింగు మాదిరే చూడాలి. బాగుందా అని కాదు, ఎక్కడ చెడుతుంది అని. ప్రతి కొళాయీ తిప్పండి, ప్రతి స్విచ్చూ వేయండి, వాన తర్వాత ఒకసారి పైకప్పు చూడండి. కోయంబత్తూరులో అయితే శిరువాణి నీళ్ళా, బోరు నీళ్ళా, ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయి అని అడగండి. ఆ ఊళ్ళో శిరువాణి నీళ్ళున్న ఇంటికి బాడుగే వేరు. కరెంటుకు విడి ఈబీ కార్డు ఉందా, లేక యజమాని మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తాడా తెలుసుకోండి. రెండు నెలలకు 100 యూనిట్లు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, అది ఎవరికి చేరుతుందన్నది ఆ కార్డును బట్టి ఉంటుంది. చేరే రోజు గోడల మీద ఉన్న గీతలు, పగుళ్ళు అన్నిటినీ ఫోటోలు తీసి యజమానికి పంపి పెట్టుకోండి.

మూడోది మనిషి మాట. ఇది ఇంకా పోలేదు. చిన్నాయన స్నేహితుడి ఇల్లు ఖాళీ అవుతుందని బోర్డు కట్టకముందే తెలిస్తే అది వాడుకోండి, తప్పేం లేదు. కానీ తెలిసినవాళ్ళే కదా అని రాత లేకుండా చేరవద్దు. తెలిసినవాళ్ళ దగ్గర రాత ఉంటేనే తర్వాత కూడా తెలిసినవాళ్ళుగా ఉంటారు.

ఇప్పుడు తలుపు మన చేతిలో

ఒకప్పుడు తలుపు తట్టినవాళ్ళం ఇప్పుడు తలుపు తెరిచేవాళ్ళం అయినాం. మన కుటుంబాల్లో చాలామందికి మిద్దె మీద ఒక పోర్షనో, శరవణంపట్టి పక్క ఒక ఫ్లాటో బాడుగకు ఇచ్చేది ఉంది. అడగవచ్చినవాళ్ళను మనం మొదట ఏం అడుగుతున్నాం? జీతం ఎంత అని కాదు, ఎన్నాళ్ళు ఉంటారని కాదు. "మీరెవరు, ఏ ఊరోళ్ళు?" అని. ఆ మాటకు అర్థం ఏమిటో అడిగేవాళ్ళకూ తెలుసు, అడిగించుకునేవాళ్ళకూ తెలుసు. పెళ్ళికానివాళ్ళకు లేదు, మాంసం తినేవాళ్ళకు లేదు, ఫలానావాళ్ళకు అసలే లేదు. మన ఇళ్ళలోనే మాంసం వండుకుంటూ బాడుగింట్లో వద్దనే వాళ్ళు కూడా ఉన్నారు.

మన పిల్లలను బెంగళూరులో ఎవరో "మీరు ఏ భాషవాళ్ళు" అని అడిగి ఇల్లు లేదంటే మనకు మండుతుంది. ఇక్కడ మన తలుపు ముందు నిలబడిన పిల్ల కూడా ఎవరో కన్న బిడ్డే. ఆ పిల్ల కూడా ఇంట్లో మన తెలుగే మాట్లాడుతుండవచ్చు. కందకం పూడ్చినవాడికి బ్లాక్‌బర్న్ నేల ఇచ్చినప్పుడు గజాలు కొలిచినాడు. మనం కూడా బాడుగ కడతారా, ఇల్లు చక్కగా చూసుకుంటారా అని కొలిస్తే చాలు. ఒప్పందం కాగితంలో యజమాని పేరు, బాడుగదారు పేరు, చిరునామా, సొమ్ము, గడువు ఇవే ఉంటాయి. ఏ కులమని రాయడానికి అందులో గడి లేదు. మాట మీద నడిచిన కాలంలో మనవాళ్ళు చేసినదాన్ని కాగితం కాలంలోనూ చేయాల్సిన పని లేదు.

పిల్లలకు చివరగా ఒకటి. బాడుగకు ఉండడం వంశానికి మచ్చ కాదు. బురుజు కాసినవాళ్ళు, కందకం పూడ్చినవాళ్ళు, లైను ఇళ్ళలో పడుకొని సైరనుకు లేచినవాళ్ళు, ఒత్తి సొమ్ముకు నగలు కుదువ పెట్టినవాళ్ళు, వీళ్ళందరి మీద నిలబడే మనం స్థిరపడినాం అంటున్నాం.

పెద్దవాళ్ళకు ఒక మనవి. మీ ట్రంకు పెట్టెల్లో పాత బాడుగ చీటీలు, పదకొండు నెలల ఒప్పందాలు, ఒత్తి పత్రాలు ఉంటే పారేయవద్దు. ఫోటో తీసి పంపండి, ఏ వీధి, ఏ సంవత్సరం, నెలకు ఎంత అని రెండు వరసలు రాసి పంపండి. సొంతిళ్ళ పక్కనే అవి కూడా పెట్టుకుందాం.